విశాఖ ఎండల్లో 31 డిగ్రీల పొడి ఎందుకు రంగు మారదు

చెల్లీ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. వీడియోలు చూసి, గోళ్లకు వేసుకుందామని వేడికి రంగు మారే నీలం పొడి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నావు, ప్యాకెట్ మీద 31 డిగ్రీలు అని ఉంది. ఇంట్లో ఉన్న రంగులేని నెయిల్ పాలిష్ సీసాలో రెండు చెంచాలు పోసి బాగా గిలకొట్టావు. ఆ రాత్రి ఏసీ గదిలో గోళ్లు నీలంగా మెరిశాయి, మర్నాటి నుంచి పాలిపోయి అలాగే ఉండిపోయాయి. సీసా అడుగున ముద్ద కట్టింది. వచ్చే నెల, వైశాఖంలో, గాజువాకలో మీ చెల్లెలి పెళ్లి. పెళ్లికూతురికీ, తోటి అమ్మాయిలకీ, నీ తొమ్మిదేళ్ల పాపకీ వేద్దామని నీ ఆశ. పొడి నకిలీదా, నేనే తప్పు చేశానా అని అడిగావు.

పొడి నకిలీదని నేను అనుకోవడం లేదు. నువ్వు చూసిన వీడియోలు చలి దేశాల్లో తీసినవి. అక్కడ గదిలో 20 డిగ్రీలుంటుంది, గోరు చల్లగా ఉంటుంది, కాఫీ కప్పు పట్టుకోగానే రంగు పోతుంది, వదలగానే వస్తుంది. ఆ 31 అనే అంకె వాళ్ల గదులకు సరిపోయింది. విశాఖలో ఏప్రిల్, మే నెలల్లో ఆ అంకె పనికిరాదు. నేను ఆంధ్రా యూనివర్సిటీలో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేశాను, పదకొండేళ్లుగా సీతమ్మధారలో ఇంట్లోనే నెయిల్ ఆర్ట్ చేస్తున్నాను, అందులో ఏడేళ్లుగా ఈ పొడులు వాడుతున్నాను. నా దగ్గరికొచ్చి ఈ పొడి పనిచేయలేదని చెప్పినవాళ్లలో ఎక్కువమందికి జరిగింది ఇదే.

ముందు ఒక పరీక్ష చెయ్యి, ఈ రాత్రే. గ్లాసులో నీళ్లు పోసి నాలుగు ఐసు ముక్కలు వెయ్యి. గోళ్లు అందులో అర నిమిషం ముంచు. నీలం తిరిగొస్తే పొడి బతికే ఉంది, ఊరి వేడికి పాలిపోయిందంతే. రాకపోతే సీసాలోని పాలిష్ దాన్ని చంపేసింది. అప్పుడు ప్యాకెట్‌లో మిగిలిన పొడి పొడిగానే చిటికెడు జిప్ కవర్‌లో వేసి, తెల్ల కాగితం మీద పెట్టి, ఫ్రిజ్‌లో ఐదు నిమిషాలు ఉంచు. అది నీలంగా మారితే పొడి మంచిదే, కలిపిన తీరులోనే తేడా ఉందని తెలిసిపోతుంది. నీ విషయంలో ఊరి వేడీ, పాలిష్ రెండూ కలిసి వచ్చాయని నా అనుమానం.

పొడి లోపల ఏముందో తెలిస్తే మిగతాదంతా నీకే అర్థమవుతుంది. మన ఇళ్లల్లో కొబ్బరి నూనె సీసా చూస్తావు కదా. సంక్రాంతి ముందు రోజుల్లో తెల్లవారేసరికి గడ్డకట్టి ఉంటుంది, ఎండలో పెడితే కరుగుతుంది. ఫిబ్రవరి దాటితే మళ్లీ చలికాలం దాకా గడ్డే కట్టదు. ఎందుకంటే అది కరిగే వేడి 24, 25 డిగ్రీల దగ్గర ఉంటుంది, మన ఊర్లో ఏడాదిలో చాలా భాగం రాత్రిపూట కూడా అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ఈ పొడిలో ప్రతి రేణువూ పెంకు ఉన్న చిన్న గుడ్డు అనుకో. కొన్ని మైక్రాన్లు మాత్రమే ఉంటుంది, తల వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. గట్టి ప్లాస్టిక్ లాంటి పెంకు లోపల మూడు పదార్థాలుంటాయి. ఒకటి ల్యూకో డై, అంటే తనంతట తాను రంగు లేని అద్దకం. రెండోది దానికి రంగు తెప్పించే బలహీనమైన ఆమ్లం. మూడోది కొబ్బరి నూనెలాగా ఒక నిర్దిష్ట వేడి దగ్గర కరిగే మైనం లాంటి కొవ్వు పదార్థం. మైనం గడ్డకట్టి ఉన్నంతసేపూ అద్దకం, ఆమ్లం ఒకదాన్ని ఒకటి పట్టుకుని ఉంటాయి, రంగు కనిపిస్తుంది. మైనం కరగ్గానే పట్టు విడిపోతుంది, రంగు పోతుంది. ఏటీఎం రసీదు కాగితం కూడా ఈ కుటుంబమే, కాకపోతే అందులో వేడి తగిలితే అద్దకం, ఆమ్లం కలిసి నల్లబడతాయి. ఇందులో వేడికి విడిపోతాయి.

ఇక్కడ ఒక సంగతి పొడి అమ్మేవాళ్లు చాలామంది చెప్పరు. 31 అని రాసి ఉంటే అది రంగు దాదాపు పూర్తిగా పోయే వేడి. పాలిపోవడం 27, 28 దగ్గరే మొదలవుతుంది. తిరిగి నిండు రంగు రావాలంటే ఇంకా కిందికి, ఇంచుమించు 26కో 25కో దిగాలి. పోయేటప్పుడు ఒక దారి, వచ్చేటప్పుడు ఒక దారి. ఈ తేడాను బాగా పెంచి వాడుకున్నది జపాన్ పైలట్ కంపెనీ ఫ్రిక్షన్ పెన్ను. వెనక రబ్బరుతో రుద్దితే పుట్టే వేడికి, 60 డిగ్రీల పైన, సిరా మాయమవుతుంది, మళ్లీ రావాలంటే సున్నా కన్నా బాగా కిందికి పోవాలి. 2006లో యూరప్‌లో వచ్చింది ఆ పెన్ను. నీ పొడిలో ఆ తేడా నాలుగైదు డిగ్రీలే, కానీ మన ఊరికి అదే చాలు. మేలో విశాఖలో పగలు 34, 35 దాటుతుంది, రాత్రి కూడా 27, 28 కన్నా తగ్గదు. అంటే నీ గోరు పగలు పాలిపోతుంది, రాత్రి కూడా పూర్తిగా కోలుకోదు. ఏసీ గదిలో మాత్రం మొదటి రాత్రి చూసిన నీలం వస్తుంది.

కాబట్టి పొడి కొనేటప్పుడు రంగు కన్నా ముందు అంకె చూడాలి. 22, 25, 28, 31, 33, 35, 38, 45 ఇలా రకరకాలుగా దొరుకుతాయి. నా లెక్క చెప్తాను. నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య దాకా 31 మనకు బంగారం. డిసెంబర్, జనవరిల్లో తెల్లవారుజామున 18, 20 ఉంటుంది, వేలి చివర ఒంటి వేడికి 30 దాటుతుంది. అప్పుడు గోరు రెండు రంగుల్లో ఉంటుంది, మాంసం అంటుకుని ఉన్న భాగం పాలిపోయి, బయటికి పెరిగిన అంచు నిండు నీలంగా. బ్రష్‌తో వేసిన ఏ డిజైన్‌కీ ఆ సహజమైన మసక రాదు. గోళ్లు పొడుగ్గా ఉంటే ఇంకా అందం. పొట్టి గోళ్లకు ఈ రెండు రంగుల సరదా తక్కువ, మొత్తం ఒకేసారి మారుతుంది.

రుషికొండ, మధురవాడ వైపు ఐటీ ఆఫీసుల్లో పనిచేసే అమ్మాయిలకు ఏడాది పొడుగునా 33 వేస్తాను. లోపల ఏసీ 23, 24లో కూర్చుంటే వేళ్లు చల్లబడి నిండు రంగు వస్తుంది, కీబోర్డు మీద అదే కనిపిస్తుంది. భోజనానికి బయటికి రాగానే పోతుంది. ఏసీలు లేని ఇళ్లలో ఉండేవాళ్లకు, వంటింట్లో పనిచేసేవాళ్లకు మార్చి నుంచి అక్టోబర్ దాకా 38 మంచిది. అది 34, 35 దగ్గర పాలిపోవడం మొదలై, వేడి గ్లాసు పట్టుకున్నా, వేణ్ణీళ్లలో చెయ్యి పెట్టినా పూర్తిగా పోతుంది, ఫ్యాను కింద కూర్చుంటే వస్తుంది. 45 నాకు నచ్చదు, చెయ్యి కాలే వేడి తగిలితే గానీ మారదు, గోరు మీద దానికి పని లేదు. 22 కూడా అంతే, ఐసు నీళ్లలో ముంచితేనే రంగు. బీచ్‌లో గోలీ సోడా పట్టుకుంటే మారుతుందని ఒకమ్మాయి పట్టుబట్టి వేయించుకుంది. వేలి మాంసం చల్లబడింది కానీ పైనున్న గోరు 22కి దిగలేదు, పాపం నిరాశపడింది. గోరు కింద రక్తం ప్రవహిస్తూనే ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకపోతే ఏ అంకె ఎంచుకున్నా తప్పుతుంది.

పెళ్లి సంగతి: గాజువాకలో మీరు తీసుకున్న కళ్యాణమండపం ఏసీదైతే 33, కాకపోతే 38. రెండూ చెరో 10 గ్రాములు తెప్పించినా ఎక్కువే, ఎందుకో కొలత దగ్గర చెప్తాను.

నెయిల్ పాలిష్‌లో కలపడం గురించి. మామూలు పాలిష్‌లో ఇథైల్ అసిటేట్, బ్యూటైల్ అసిటేట్ అనే ద్రావకాలుంటాయి, సీసా మూత తీయగానే వచ్చే వాసన వాటిదే. అవి ఆ గుడ్డు పెంకును కొరుకుతాయి. పది నిమిషాల్లో కాదు, గంటల్లో, రోజుల్లో. పెంకు పాడైతే మైనం కారిపోతుంది, ఇక ఆ రంగు మారదు. నీ సీసాలో జరిగిన రెండో నష్టం ఇదే. అసిటోన్ ఇంకా బలమైనది, పొడి దగ్గరికి రానివ్వకు. అందుకే పాలిష్ సీసాలో పొడి పోసి దాచుకోవడం అనేది ఎప్పుడూ చెయ్యొద్దు. తప్పనిసరై పాలిష్‌తోనే వెయ్యాలంటే చిన్న గాజు పలక మీదో, అల్యూమినియం ఫాయిల్ మీదో ఒక్క చేతికి సరిపడా పాలిష్ చుక్కలు వేసి, అప్పటికప్పుడు టూత్‌పిక్‌తో పొడి కలిపి, వెంటనే వేసెయ్యి. ఆరిపోయాక ద్రావకం ఎగిరిపోతుంది కాబట్టి ఆ తర్వాత నష్టం తక్కువ. నీళ్ల ఆధారంతో చేసిన పాలిష్ దొరికితే ఇంకా మేలు, ఈ పెంకులకు నీళ్లతో పేచీ లేదు. కానీ అది మన ఇంటి పనుల్లో రెండు మూడు రోజులకే పెచ్చులూడుతుంది, పెళ్లి ముందు రోజు వేస్తేనే లాభం.

ఉండలు కట్టాయని గట్టిగా నూరకు. నేను మొదట్లో చేసిన పెద్ద తప్పు అదే. 20 గ్రాముల ఊదారంగు పొడి గడ్డలుగా ఉందని చిన్న రోలులో వేసి మెత్తగా నూరాను. చూడ్డానికి చక్కగా మెత్తబడింది, గోరుకు వేస్తే ఏ వేడికీ మారకుండా మురికి ఊదాగా నిలిచిపోయింది. పెంకులన్నీ పగలగొట్టేశానని ఆ రాత్రి మళ్లీ పుస్తకం తీసి చదువుకుంటే తెలిసింది. ఉండలుంటే నైలాన్ టీ జల్లెడలో వేసి మెత్తని బ్రష్‌తో నెమ్మదిగా జార్చు, అంతకన్నా బలం వద్దు. నువ్వు గిలకొట్టిన సీసాలో కలిసేందుకు వేసే స్టీలు గుళ్లు ఉంటే అవి కూడా ఇదే పని చేస్తాయి. జల్లించేటప్పుడు ఫ్యాను ఆపు, కిటికీ గాలి ఎదురుగా కూర్చోకు, మాస్క్ పెట్టుకో. ఇంత సన్నని ధూళి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

ఇక జెల్. ఈ పొడికి జెల్ పాలిషే సరైన జోడీ, ఎందుకంటే అందులో ఆ ఘాటైన ద్రావకాలు ఉండవు, గోళ్లు ఆరబెట్టే యూవీ లాంప్ వెలుతురు తగిలితే గట్టిపడుతుంది. బంగారం షాపుల్లో వాడే తరహా చిన్న డిజిటల్ త్రాసు ఒకటి ఉంటే మంచిది. రంగులేని జెల్ 5 గ్రాములకు పొడి పావు గ్రాము, అంటే 5 శాతం. ముదురు కావాలంటే అర గ్రాము దాకా వెళ్లొచ్చు, అంతకు మించి వద్దు. నువ్వు సీసాలో వేసిన రెండు చెంచాలు ఎన్ని రెట్లు ఎక్కువో ఇప్పుడు తెలిసింది కదా, ముద్ద కట్టింది అందుకే. పది గోళ్లకు రెండు పూతలు వేసినా జెల్ గ్రామున్నర దాటదు, కాబట్టి 10 గ్రాముల పొడితో ఊరందరికీ వెయ్యొచ్చు. టూత్‌పిక్‌తో ఒకే దిక్కుకు నెమ్మదిగా కలుపు, బుడగలు రాకుండా. మూత పెట్టి చీకట్లో పావుగంట వదిలెయ్యి, లోపలి గాలి పైకి వస్తుంది. కలిపినది రెండు మూడు వారాల్లో వాడెయ్యి.

వేసే వరుస చెప్తాను, దీన్ని మాత్రం మార్చకు. గోరు మెత్తని బఫర్‌తో, అంటే గోరును నునుపు చేసే స్పాంజి పలకతో, తేలిగ్గా రుద్ది, ఆల్కహాల్‌తో తుడిచి, రంగులేని బేస్ జెల్ వేసి లాంప్‌లో ఆరబెట్టు. పైన తెల్ల జెల్ ఒక పూత. తెల్ల పూత లేకపోతే రంగు పోయినప్పుడు గోరు మురికిగా కనిపిస్తుంది. ఆ పైన పొడి కలిపిన జెల్, చాలా పల్చగా, రెండు పూతలు. మందంగా ఒక్క పూత వేస్తే పొడి వెలుతురును అడ్డుకుంటుంది, పైన గట్టిపడి లోపల పచ్చిగా ఉంటుంది. జెల్ డబ్బా మీద ఒక నిమిషం అని రాసుంటే ఈ పూతలకు రెండు నిమిషాలు ఉంచు. నలుపు, ముదురు నీలం మరీ మొండివి, వాటికి ఇంకా పల్చగా వెయ్యి. లాంప్ లోంచి చెయ్యి తీయగానే రంగు మాయమై ఉంటుంది, కంగారు పడకు, జెల్ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, కాసేపటికి వస్తుంది. చివర రంగులేని టాప్ కోట్ వేసి, బ్రష్‌ను గోరు అంచు మందం మీదుగా కూడా తిప్పి ఆ వైపు మూసెయ్యి.

ఈ అంచు మూయడం మీద నేను చాలా పట్టుగా ఉంటాను, కారణం మనం చేత్తో తింటాం. వేడన్నంలో పప్పు, నెయ్యి కలుపుతుంటే కుడి చేతి గోళ్లు తెల్లబడి ఎడమ చేతివి నీలంగా ఉండటం చూడముచ్చటగానే ఉంటుంది, కానీ అదే గోళ్ల అంచు నుంచి పొడి రాలి నోట్లోకి పోకూడదు. ఆన్‌లైన్‌లో దొరికే పొడుల్లో ఎక్కువ భాగం రెసిన్ పనులకు, బట్టల మీద అచ్చులకు, ప్లాస్టిక్ బొమ్మలకు తయారైనవి. లోపలి ఆమ్లంగా బిస్ఫినాల్ ఎ లాంటి, ఒంట్లోకి పోకూడని పదార్థాలు వాడేవాళ్లున్నారు, పెంకు మెలమిన్ ఫార్మాల్డిహైడ్ రెసిన్‌ది కావచ్చు. పెంకు లోపల, జెల్ పొరల మధ్య ఉన్నంతవరకు భయం లేదు. తినేదాంట్లో కలవకూడదు. కొనేటప్పుడు సౌందర్య సాధనాల్లో వాడేందుకు పనికొస్తుందా, బిస్ఫినాల్ లేనిదేనా అని అడుగు, పదార్థ భద్రతా పత్రం పంపమను. పంపనివాళ్ల దగ్గర కొనకు. జెల్, పాలిష్ కొనేటప్పుడు కూడా తయారీదారు పేరు, లైసెన్సు నంబరు, బ్యాచ్, గడువు తేదీ చూసుకో. పూర్ణా మార్కెట్ వైపు గుట్టగా పోసి అమ్మే పేరులేని జెల్ డబ్బాలు చవకే, నేనైతే ముట్టుకోను.

చెల్లీ, ఇప్పుడు చెప్పేది రంగు కన్నా ముఖ్యం. పచ్చి జెల్ చర్మానికి తగలకూడదు. జెల్‌లో ఎక్రిలేట్ జాతి పదార్థాలుంటాయి, వాటిలో హెమా అనేది అలర్జీకి పేరు మోసింది. ఐరోపా సమాఖ్య 2020లో నిబంధన తెచ్చి, 2021 నుంచి హెమా ఉన్న గోళ్ల ఉత్పత్తులను వృత్తివాళ్లు మాత్రమే వాడాలని, అలర్జీ రావచ్చని లేబుల్ మీద రాయించింది. జెల్ గట్టిపడేందుకు వేసే టీపీఓ అనే మరో పదార్థాన్ని 2025 సెప్టెంబర్ 1 నుంచి సౌందర్య సాధనాల్లో నిషేధించింది. మనం పొడి కలిపినప్పుడు జెల్ తయారీదారు పరీక్షించిన లెక్క తప్పుతుంది, అది సరిగ్గా ఆరకపోయే అవకాశం పెరుగుతుంది. పొడి మధ్య పూతల్లోనే ఉండాలి, కిందా పైనా శుభ్రమైన జెల్ ఉండాలి అని అంటున్నది అందుకే. నాకు నాలుగో ఏడాదిలో వేళ్ల చివర దురద, గోరు పక్కన చర్మం పగలడం, పొద్దున్న లేచేసరికి కంటి రెప్పలు ఉబ్బడం మొదలైంది. రెప్పలకూ గోళ్లకూ ఏం సంబంధమని అనుకున్నాను. చేత్తో కళ్లు రుద్దుకుంటాం కదా, సంబంధం అదే. ఐదు నెలలు పని ఆపేశాను, ఇప్పటికీ నైట్రైల్ చేతి తొడుగులు లేకుండా జెల్ డబ్బా మూత తీయను. ఒకసారి ఈ అలర్జీ వస్తే జీవితాంతం ఉండిపోవచ్చు, పంటి సిమెంటులో కూడా ఇదే జాతి పదార్థాలుంటాయి కాబట్టి దంతవైద్యుడి దగ్గర కూడా ఇబ్బంది. గోరు చుట్టూ చర్మానికి వెంట్రుకవాసి దూరం వదిలి వెయ్యి, అంటుకుంటే లాంప్‌లో పెట్టకముందే ఆల్కహాల్ పుల్లతో తుడిచెయ్యి. దురద వస్తే తీసేసి చర్మ వైద్యులకు చూపించు, పూత మార్చి చూద్దామని ప్రయోగాలు వద్దు.

పాపకు జెల్ వెయ్యకు. తొమ్మిదేళ్ల పిల్లకు అలర్జీ తెచ్చిపెట్టడం నాకు ఇష్టం లేదు, నా మేనకోడలికి కూడా నేను వెయ్యను. గోళ్లు కొరికే అలవాటుంటే ఈ పొడి అసలే వద్దు. పెళ్లిలో తనకూ సరదా కావాలి కదా, అంటించే కృత్రిమ గోళ్లు రెండు మూడు తీసుకుని, వాటి మీద ముందే వేసి బాగా ఆరబెట్టి, చిన్న పిల్ల చేతికి కాకుండా తన జడగంటల దగ్గరో గాజుల పెట్టె మీదో అతికించి ఇవ్వు. వేలు పెట్టగానే రంగు పోతుంది, పిల్లలు దాంతో గంటలు ఆడుకుంటారు.

పెళ్లికూతురి గోళ్లకు ఒక ఆలోచన. గోరింటాకులో పెళ్లికొడుకు పేరు దాచడం మనకు అలవాటే. తెల్ల జెల్ మీద సన్నని బ్రష్‌తో బంగారు రంగులో అబ్బాయి పేరు మొదటి అక్షరం ఉంగరం వేలి గోరు మీద రాసి ఆరబెట్టి, పైన ముదురు మెరూన్ పొడి పూతలు వెయ్యి. చల్లగా ఉన్నంతసేపూ మెరూన్ ఒక్కటే కనిపిస్తుంది. హోమం దగ్గర కూర్చుని చేతులు వేడెక్కేసరికి అక్షరం బయటపడుతుంది. గత మాఘంలో ఇలా ఒకమ్మాయికి 31తో వేశాను, పెళ్లి ఆరుబయట, రాత్రి ముహూర్తం, చలి బాగా ఉంది. వాళ్ల నాయనమ్మ చెయ్యి పట్టుకుని చూసి, "ఏటమ్మా ఇది, ఇప్పుడే లేదు, ఇప్పుడే వచ్చింది" అని మళ్లీ మళ్లీ రుద్ది చూశారు. మీ పెళ్లి వైశాఖంలో కాబట్టి అదే డిజైన్ మండపాన్ని బట్టి 33తోనో 38తోనో వెయ్యాలి. మిగతా అమ్మాయిలకు పసుపు జెల్ మీద నీలం పొడి వేస్తే చల్లగా ఉన్నప్పుడు ఆకుపచ్చ, వేడికి పసుపు. గులాబీ మీద నీలం వేస్తే ఊదా నుంచి గులాబీకి దిగుతుంది. పట్టుచీరల రంగులకు ఈ రెండూ చాలు.

వరుస తప్పకు: ముందు మంగళస్నానం, నలుగు, పసుపు అన్నీ అయిపోవాలి, ఆ తర్వాతే గోళ్లు. పసుపు తెల్ల జెల్‌ను పట్టేస్తే పోదు. గోరింటాకు కూడా ముందు రోజే పెట్టించు. దాని మీద రాసే నీలగిరి నూనె గోరుకు ఉంటే జెల్ పట్టదు, వారంలో పొరలా లేచిపోతుంది. నూనె పూర్తిగా పోయేలా ఆల్కహాల్‌తో రెండుసార్లు తుడువు.

ఎంతకాలం ఉంటుందంటే, జెల్ రెండు మూడు వారాలుంటుంది, రంగు మారే గుణం మాత్రం ఎండను బట్టి. ఈ అద్దకాలకు ఎండలోని అతినీలలోహిత కిరణాలంటే గిట్టదు. స్కూటీ మీద తిరిగే అమ్మాయిలకు హ్యాండిల్ మీద చేతులు నేరుగా ఎండకు ఉంటాయి, వాళ్ల గోళ్లు ఎనిమిది పది రోజులకే మందకొడిగా అవుతాయి. ఇంట్లో ఉండేవాళ్లకు అదే సీసాలోది మూడు వారాలొచ్చింది. యూవీ నుంచి కాపాడే టాప్ కోట్ వాడితే కొంత ఆగుతుంది, బండి మీద చేతి తొడుగులు వేసుకుంటే ఇంకా ఆగుతుంది.

తీసేటప్పుడు పైపూత ఫైల్‌తో అరగదీసి, అసిటోన్‌లో తడిపిన దూది గోరు మీద పెట్టి ఫాయిల్ చుట్టి పది పదిహేను నిమిషాలు ఉంచు. పుల్లతో నెడితే జారిపోవాలి, జారకపోతే మళ్లీ చుట్టు, గీకకు, గోరు పొరలు లేచిపోతాయి. అరగదీసేటప్పుడు మాస్క్ మర్చిపోకు. అసిటోన్ వంటింట్లో తీయకు, ఆవిరికి కూడా మంట అంటుకుంటుంది, వెలిగించిన స్టవ్ పక్క గదిలో ఉన్నా కిటికీ తీసి కూర్చో.

ఇవన్నీ పెళ్లి హడావుడిలో చెయ్యలేననిపిస్తే రెడీమేడ్ థర్మల్ జెల్ పాలిష్ కొనుక్కో, నేనేమీ అనుకోను. కలిపే బాధ, తూకం బాధ ఉండవు. ఒక్కటే చూసుకో, డబ్బా మీద ఎన్ని డిగ్రీలో రాసి ఉండాలి. రాయనివి ఎక్కువగా ఆ 31 దగ్గరివే ఉంటాయి, మేలో నీకు మళ్లీ అదే కథ. ఏది కొన్నా పెళ్లికి పది రోజుల ముందు ఒక్క గోరుకు వేసి, ఫ్యాను కింద, ఏసీలో, వేడన్నంలో మూడు చోట్లా చూడు, గోరు పక్కన దురద ఉందేమో రెండు మూడు రోజులు గమనించు.

నీ దగ్గర మిగిలిన 31 నీలం పొడి పారెయ్యకు. గాలి చొరబడని ముదురు రంగు సీసాలో పోసి, సిలికా జెల్ పొట్లం ఒకటి వేసి, బీరువాలో చీకట్లో పెట్టు. కార్తీకం దాటాక, కొబ్బరి నూనె మొదటిసారి గడ్డకట్టిన రోజు బయటికి తియ్యి. డిసెంబర్‌లో అరకు వెళ్లే ఆలోచన ఉంటే ముందు రోజు గోళ్లకు వేసుకుని రైలెక్కు. ఆ చలికి అనంతగిరి కొండలు చేరేసరికే అంచులు నిండు నీలంగా ఉంటాయి. అక్కడ వేడి వేడి కాఫీ గ్లాసు పట్టుకున్నప్పుడు నువ్వు వీడియోలో చూసిందే నీ చేతిలో జరుగుతుంది. ఈలోగా ఐసు నీళ్ల పరీక్షలో ఏమైందో రాయి, మండపం ఏసీదా కాదా అన్నది కూడా. దాన్ని బట్టి ఏ అంకె తెప్పించాలో చెప్తాను.